పనసకాయల వేలానికి ముగింపు ముహూర్తం

కొత్తగెడ్డవలస పంచాయతీకి చెందిన ఇరవైరెండు పనసచెట్ల ఫలసాయాన్ని ఈ ఏడాది నుంచి ఆన్‌లైన్ వేలంలో పెట్టాలనీ, ఆ వేలం ఏ రోజున, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ముగిస్తే ఊరికి అత్యధిక లాభం కలుగుతుందో తేల్చడానికి ఒక సంఘం వెయ్యాలనీ మాఘమాసపు సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘానికి ‘వేలం ముగింపు కాల నిర్ణాయక సంఘం’ అని పేరు పెట్టారు. పేరు కుదరడానికి ఒక పూట, ఆ పేరుతో ఫ్లెక్సీ కట్టడానికి రెండు పూటలు పట్టాయి. రెండో కొసకు ఆధారం దొరక్క దాన్ని ఒక పనసకొమ్మకే కట్టారు. ఆ లాగుడుకు మూడు పిందెలు రాలాయి. వాటిని సంఘం ప్రారంభోత్సవ ఖర్చులో చూపించారు.

ఆ పిందెలు రాలినప్పుడు అసిరమ్మ పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉంది. పదకొండేళ్లుగా ఆ చెట్ల పాటదారు ఆవిడే. కాయను వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, ఇది పొట్టు కొట్టడానికి పనికొస్తుందో, ముక్కల కూరకో, పండబెట్టడానికో చెప్పేస్తుంది. పొట్టు కొట్టడంలో ఆమె చేతికి కోటబొమ్మాళి దాకా పేరుంది. ఆమె కొట్టిన పొట్టులో పెద్ద ముక్క ఒక్కటి కనిపించినా కూలి వద్దంటుంది. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

ఆ ఏడు ఆమె మూడు పెళ్లిళ్లకు పొట్టు ఇస్తానని మాట ఇచ్చి ఉంది. మొదటిది సర్పంచి నరసింగరావు గారి అమ్మాయి శైలజ పెళ్లి. చెట్లు పాటకు దక్కితే కాయ, కాయ ఉంటే పొట్టు, పొట్టు ఉంటే మాట. పొట్టుకు అదునొచ్చిన లేత కాయ ఇరవై రోజులు ఆగుతుంది. ఇరవై ఒకటో రోజున లోపల పిక్క గట్టిపడుతుంది. అప్పుడు దాన్ని పొట్టు కొడితే కత్తికీ అవమానమే, పెళ్లికీ అవమానమే.

“పెసిడెంటు బావూ, పాట ఎప్పుడు పెడతారో సెప్పండి. కాయ ముదిరిపోతన్నాది” అంది అసిరమ్మ.

“పెట్టడం సులువే అసిరమ్మా. ముగించడమే శాస్త్రం” అన్నారు నరసింగరావు గారు.

పాత రోజుల్లో ఈ శాస్త్రం లేదు. పాట పాడించే జగన్నాధం అరుగెక్కి ఒకటోసారి అనేవాడు, రెండోసారి అనేవాడు, మూడోసారి అనేముందు ఒక చుట్ట కాల్చుకునేంతసేపు ఊరుకునేవాడు. అనవలసినవాళ్లందరూ ఆ చుట్ట ఆరేలోగా అనేసేవారు. ఈ పద్ధతిలో పారదర్శకత లోపించిందని పైవాళ్లు కనిపెట్టారు. నిజమే, ఆ పొగలో ఎవరి ముఖమూ స్పష్టంగా కనిపించేది కాదు.

సంఘానికి సలహాదారుగా కళ్యాణ్ అనే నిపుణుణ్ణి విశాఖపట్నం నుంచి రప్పించారు. ఆయన లాప్‌టాప్ తెరిచి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ప్రపంచవ్యాప్తంగా లక్షలాది వేలాలను పరిశీలించగా, ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు ముగిసిన వేలానికే ఎక్కువ ధర పలికిందట. ఆ లక్షల్లో పనసకాయల వేలాలు ఎన్ని అని ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు, ఆయన అంతదూరం నుంచి వచ్చాడు.

సభ్యులు ప్రపంచంతో ఏకీభవిస్తూనే ఊరి ఇబ్బందులు విన్నవించారు. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఊళ్లో మగవాళ్లు మెలకువగానే ఉంటారు గానీ, ఏ అంకె నొక్కుతున్నారో తెలిసే స్థితిలో ఉండరు. సోమవారం నాడు సగం ఊరు శ్రీముఖలింగం వెళుతుంది. ఉపవాసం ఉన్నవాళ్లు పరుల పనసకాయల మీద ఆశ పెట్టుకోకూడదు. మంగళవారం ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. బుధవారం సంత. లక్ష్మివారం నాడు కరెంటువాళ్లు తీగలకు తగిలే కొమ్మలు కొడతారు, కొట్టకపోయినా కరెంటు తీస్తారు. శుక్రవారం ఇంట్లోంచి పైసా కదిలితే లక్ష్మి కదిలినట్టే. అన్నీ పోగా శనివారం మిగిలింది. కళ్యాణ్ మాత్రం ఆదివారం దాటి బయటకు రానన్నాడు.

అప్పుడు సిద్ధాంతి ఉమాపతి గారు గొంతు సవరించుకున్నారు. పంచాంగంలో దేనికైనా మొదలుపెట్టడానికి ముహూర్తం ఉంది గానీ ముగించడానికి లేదని ఆయన మొదటి సమావేశంలోనే కొంత కంగారు పెట్టి ఉన్నారు. పది రోజులు ఆలోచించి ఆయనే దారి కనిపెట్టారు. కాయ చెట్టును విడిచి పాటదారు ఇంటికి పోవడమంటే ఆడపిల్ల పుట్టింటిని విడవడమే కనుక, వేలం ముగింపుకు అప్పగింతల ముహూర్తం చూస్తే సరిపోతుంది. చూశారు. శనివారం రాత్రి తె. 3-42 నిమిషాలకు వచ్చింది. దాని పక్కన, పెళ్లి శుభలేఖల్లో వేసే పద్ధతిలోనే, బ్రాకెట్లో ‘అనగా తెల్లవారితే ఆదివారం’ అని ఉంది.

సభ ఒక్కసారిగా తేలికపడింది. సిద్ధాంతి గారికి అది శనివారం, కళ్యాణ్‌కు అది ఆదివారం. ఒకే ఘడియ ఇద్దరి శాస్త్రాలకూ సరిపోవడం ఊరు చేసుకున్న పుణ్యమని సర్పంచి గారు ఆనందించారు. పైగా ఆ సమయంలో ఎవరూ ఫోన్లు వాడరు కనుక సిగ్నల్ ధారాళంగా ఉంటుంది. ఎవరూ వాడనప్పుడు వేలం ఎవరు పాడతారన్న సందేహం అసిరమ్మకు వచ్చింది గానీ, ఆమె సంఘం సభ్యురాలు కాదు.

తీర్మానం నకలు పంచాయతీ ఆఫీసులో కంప్యూటరు చూసే అనూరాధకు చేరింది. అప్పటికే కళ్యాణ్ ఇంకో ఊరి చేపలచెరువు వేలం ముగించడానికి వెళ్లిపోయాడు. కంప్యూటరు తెరమీద రోజుకు ఒక గడి, గంటకు ఒక గడి ఉన్నాయి. ‘తెల్లవారితే’ అని రాయడానికి గడి లేదు. అనూరాధ తీర్మానంలో ఉన్నది ఉన్నట్టే చేసింది. రోజు గడిలో శనివారం తేదీ వేసింది, గంటల గడిలో తెల్లవారుజామున 3-42 వేసింది. బ్రాకెట్లో మాట బ్రాకెట్లోనే ఉండిపోయింది.

వేలం తెరిచిన రోజు పొద్దున్నే అసిరమ్మ వచ్చింది.

“తొమ్మిది వేలు రాయమ్మీ” అంది.

“అప్పుడేనా అత్తా? చివర్లో వెయ్యాలంట కదా. అందరూ ఆగుతున్నారు.”

“పాటంటే నోరిప్పి పాడాల. మూగోళ్లలాగ కూకుంటే పాటేటి? నాకు గిట్టేది తొమ్మిది. పదంటే నాకు గిట్టదు. ఎవురైనా పదంటే ఆళ్లే కోసుకుంటారు.”

అనూరాధ వేసింది. తెరమీద అసిరమ్మ పాట ఒక్కటే నిలబడింది, సంత ఎత్తేశాక మిగిలిన గంపలాగ.

మిగతావాళ్లు తొందరపడలేదు. కళ్యాణ్ వెళ్లేముందు ‘చివరి పది సెకన్ల వ్యూహం’ మీద ఉచిత శిక్షణ ఇచ్చి వెళ్లాడు. తెలివైనవాడు తన ధరను ఆఖరి క్షణం దాకా బయటపెట్టడని దాని సారాంశం. ఊళ్లో తెలివితక్కువవాడు ఎవరూ లేరు కనుక అందరూ ఆగారు. కోటబొమ్మాళి వ్యాపారి తిరుమలరావు ఇరవై వేల దాకా పోదామనుకుని, మూడు ఫోన్లు సిద్ధం చేసుకుని, వాటిని నొక్కవలసిన బొటనవేలికి వారంపాటు ఏ పనీ చెప్పలేదు. సంచులు కూడా గుమస్తా చేతే కట్టించాడు. జగన్నాధాన్ని చివరి పది సెకన్ల లెక్కింపు అధికారిగా నియమించారు. ముప్ఫై ఏళ్లుగా మూడు దాకానే లెక్కపెట్టినవాడు కనుక పది నుంచి వెనక్కి రావడం నేర్పేసరికి వారం పట్టింది. అప్పటికీ మూడు దగ్గరికి రాగానే అలవాటుగా జేబులో చుట్ట కోసం తడుముకునేవాడు.

అలా శనివారం తెల్లవారింది. ఊరంతా రాత్రి మేలుకోవాలి గనక పగలే నిద్రపోవడానికి ఏర్పాట్లు చేసుకుంటూ ఉంది. అసిరమ్మ ఫోను మాత్రం మోగింది. ఏదో ఇంగ్లీషు అక్షరాల కబురు. లోను కావాలా అని అడిగే కంపెనీవాళ్లేమోనని ఒకసారి తుడిచేద్దామనుకుంది. ఎందుకైనా మంచిదని అనూరాధ దగ్గరకు పట్టుకెళ్లింది.

అనూరాధ చదివి, కంప్యూటరు తెరిచి, క్యాలెండరు చూసి, మళ్లీ కంప్యూటరు చూసింది.

“అత్తా, చెట్లు నీకే వచ్చాయి.”

“రాత్రికి కదా పాట?”

“రాత్రే అయిపోయింది. మనకి అది రాబోయే రాత్రి. దీనికి పోయిన రాత్రి.”

అసిరమ్మకు ఆ లెక్క అర్థం కాలేదు. అర్థమయ్యేది ఒక్కటే అడిగింది.

“కాయితం ఉన్నాదా?”

కాయితం ఉంది. మీద ఆమె పేరు, కింద ఇరవైరెండు చెట్ల నెంబర్లు, మూలన సింహాల ముద్ర ఉన్నాయి. అసిరమ్మ దాన్ని మడిచి బొడ్డులో దోపుకుంది. చెట్లెక్కేవాళ్లను ఇద్దరిని పిలుచుకుని తోటకు వెళ్లింది. మర్నాడు రాత్రి శైలజ పెళ్లి, మధ్యాహ్నమే సర్పంచి గారింట ఊరి భోజనాలు. కాయకు ఇరవయ్యో రోజు. ఒక్కొక్కటీ తట్టి చూసి, పనికొచ్చేవి నలభైరెండు కోయించింది. లేతవాటిని ఇంకో పెళ్లికని చెట్టునే ఉంచింది. పగలంతా ఊరు నిద్రపోతూ ఉంది గనక ఎవరూ చూడలేదు.

సాయంత్రం పంచాయతీ ముందు షామియానా వేసి మైకు పెట్టారు. ఇంకా తొమ్మిది గంటల వ్యవధి ఉన్నా, ముగింపు అనేది ఘనంగా మొదలవ్వాలని సర్పంచి గారు ఉపన్యాసం అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! మన పూర్వీకులు వేలాలు పాడారు, కానీ ముగించడం ఎరగరు. నేడు మన ఊరు ఒక వేలాన్ని ప్రపంచస్థాయిలో ముగించబోతున్నది. ఈ ముగింపు ఆరంభం మాత్రమే అని మనవి చేస్తున్నాను!”

చప్పట్లు కొట్టారు. తిరుమలరావు మాత్రం బొటనవేలు దాచుకుని నాలుగు వేళ్లతో కొట్టాడు. ఆ చప్పట్లు ఆగాక అనూరాధ లేచి, వేలం నిన్న రాత్రే అయిపోయిందని మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పినా మైకు దగ్గరే నిలబడి ఉండడం వల్ల ఊరంతా వినబడింది.

“అయిపోడమేటి? మాం ఇక్కడే ఉన్నాం కదా!” అన్నాడు తిరుమలరావు.

“కంప్యూటరుకి రోజు అర్ధరాత్రి పన్నెండింటికే మొదలైపోతుందండీ.”

“అర్ధరాత్రి పుట్టే రోజు ఏ శాస్త్రంలో ఉందమ్మా?” అన్నారు ఉమాపతి గారు జాలిగా. “సూర్యుడు లేవాలి కదా రోజు లేవాలంటే. ఆయన లేవకుండా తారీకు ఎలా లేచింది?”

“మా పెద్దోడి పెళ్లి బుధవారం రాత్రి మూడుంపావుకి. తెల్లారితే లచ్చివారం” అన్నాడు తిరుమలరావు. “ఈ కంప్యూటరు లెక్కన ఆడు ఒకరోజు ముందే తాళి కట్టీసినాడా? మరి ఆ రోజున ఆడు నాతో శ్రీకాకుళంలో బట్టల కొట్లో ఉన్నాడే!”

దీంతో విషయం పనసకాయలను దాటిపోయింది. జనం ఇళ్లకు పరిగెత్తి పాత శుభలేఖలు తెచ్చుకున్నారు. ఊళ్లో మూడొంతుల పెళ్లిళ్లు బ్రాకెట్లలోనే జరిగాయని తేలింది. ఒకరిద్దరు మగవాళ్లు తమ పెళ్లి అసలు చెల్లలేదేమోనని కాసేపు ఆశపడ్డారు. భార్యలు ఆ ఆశను అక్కడికక్కడే సరిదిద్దారు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ సర్పంచి గారికే తగిలింది. శైలజ ముహూర్తం ఆదివారం రాత్రి 2-10కి, అనగా తెల్లవారితే సోమవారం. కంప్యూటరు చదివిన తీరున చదివితే ఆ ఘడియ ఇంకో ఏడెనిమిది గంటల్లో రావాలి. పెళ్లికొడుకు రేపు సాయంత్రం గాని రాడు.

“అంటే మా అమ్మాయి పెళ్లి ఈ రాత్రి పెళ్లికొడుకు లేకుండానే అయిపోతుందా?” అన్నారాయన మైకులోనే.

ఈ స్థితిలో ఎవరో తోటవైపు వెళ్లి, కాయలు కోసి ఉన్నాయని కబురు తెచ్చారు. అంతవరకూ సూర్యుడి మీదా కంప్యూటరు మీదా చూపు పెట్టిన ఊరికి చివరకు మనిషి దొరికింది. మనిషి దొరకడంలో ఉన్న నిశ్చింతే వేరు.

దొంగ అన్నమాట వినబడగానే అసిరమ్మ కాయితం తీసి చూపించింది. “నానేటి దొంగతనంగా కోసినానా? కాయితం ఇచ్చినారు, పట్టపగలు కోసినాను.”

“నువ్వు మొదటి రోజే ఎందుకు పాడావు?” అని అడిగారు ఉమాపతి గారు. “అందరూ ఆగారు కదా?”

“నాకు గిట్టేదేటో నాకు తెలుసు బావూ. తెలిసింది సెప్పడానికి ఆగడమెందుకు?”

ఈ జవాబు సభకు నచ్చలేదు. తన మనసులో ఉన్న ధరను మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పడం నియమాలకు విరుద్ధం కాకపోయినా, తోటి పాటదారుల వ్యూహాలను అవమానించడమేనని తీర్మానించి, సంజాయిషీ కోరుతూ ఆమెకు నోటీసు రాశారు.

ఆదివారం పొద్దున్న సంఘం మళ్లీ కూర్చుంది. ఈసారి సర్పంచి గారింటి పెరట్లోనే కూర్చోవలసి వచ్చింది, ఎందుకంటే పెళ్లి పనులు మానలేరు. అక్కడే ఒక మూల అసిరమ్మ చేతులకు నూనె రాసుకుని, కాయల చెక్కు తీసి పొట్టు కొడుతూ ఉంది. ఊరి ముందు దొంగనన్నారు గనక ఇంటికి పోదామనే లేచింది గానీ, మాట ఇచ్చింది శైలజ పెళ్లికి. కత్తి టకటకమని ఒకే తాళంలో పడుతోంది. సభ్యులు ఆ చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది.

ప్రశ్న సూటిగా ఉంది. రోజు అర్ధరాత్రి మొదలైతే అసిరమ్మ పాటదారు, కాని శైలజ పెళ్లి దాటిపోయినట్టు. రోజు సూర్యోదయంతో మొదలైతే శైలజ పెళ్లి భద్రం, కాని అసిరమ్మ కాయలు కోసిన శనివారం పగటికి వేలం ఇంకా ముగియలేదు గనక ఆమె దొంగ. ఒక ఆడపిల్ల పెళ్లి ఒకవైపు, ఒక అసిరమ్మ ఒకవైపు. సంఘం ఎంతో బాధతో, పది నిమిషాల్లో, సూర్యుడి వైపు తీర్పు చెప్పింది.

పంచాయతీ కార్యదర్శి మాత్రం ఒక చిక్కు చెప్పాడు. కంప్యూటరులో వేలం ముగిసిపోయింది, మళ్లీ తెరవాలంటే జిల్లా దాకా వెళ్లాలి, పాటసొమ్ము ఈ వారమే జమ కావాలి. అందుచేత జమ చేసేంతవరకు అసిరమ్మను పాటదారుగా పరిగణించాలని ఇంకో తీర్మానం చేశారు. కాయితాలు రెండూ ఆమె ముందు పెట్టారు.

అసిరమ్మ కత్తి ఆపింది. “ఒకటి పాటదారంటాది, ఒకటి దొంగంటాది. నాను ఏటి బావూ? ఏదో ఒకటి సెప్పండి.”

“రెండూను” అన్నారు నరసింగరావు గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆడపిల్ల తండ్రి.

“పదకొండేళ్లు ఆ సెట్ల కింద తిరిగినాను. ఒక పిందె ఊరికినే ఇంటికి అట్టుకెల్లలేదు.”

“అదంతా మాకు తెలీదా? నువ్వంటే ఊరందరికీ గౌరవమే. ఇది కేవలం రికార్డు కోసం.”

అసిరమ్మ వేళ్ల మీది పనసబంకను నూనెగుడ్డతో తుడుచుకుని రెండింటి మీదా సంతకం పెట్టింది. రెండుచోట్లా ఒకే సంతకం. ఆమెకు వచ్చింది అదొక్కటే.

అప్పుడు జగన్నాధం అడగకూడని ప్రశ్న అడిగాడు. “మరి దొంగకాయల కూర పెళ్లి పంక్తిలో ఎలా పెడతాం?”

సర్పంచి గారు విస్తళ్ల కట్టలవైపు చూశారు. ఆరు వందల విస్తళ్లు. ఉమాపతి గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. కార్యదర్శి వేలం ప్రకటన తెప్పించి చదివాడు. అందులో ‘పనసకాయలు’ అని ఉంది. ‘పొట్టు’ అన్న మాట ఎక్కడా లేదు. కనుక కోసిన కాయ పంచాయతీ సొత్తు, దొంగసొత్తు. కొట్టిన పొట్టు ఎవరికీ చెందదు, దానికి దోషం అంటదు. ఈ నిర్ణయానికి అందరూ ఊపిరి పీల్చుకుని, అసిరమ్మ పక్కనున్న గుట్టవైపు చూశారు. ఇంకా పద్దెనిమిది కాయలు నిండుగా దొంగసొత్తుగానే ఉన్నాయి.

“తొందరగా కొట్టెయ్ అసిరమ్మా! భోజనాల వేళకి ఒక్క కాయ కూడా మిగలకూడదు. న్యాయానికి సంబంధించిన విషయం ఇది” అన్నారు సర్పంచి గారు.

అసిరమ్మ కొట్టింది. ఒక్కో కాయా ఆమె కత్తి కింద నేరం నుంచి విముక్తి పొంది పొట్టుగా పళ్లెంలో పడింది. పదకొండు గంటలకు దొంగసొత్తు పూర్తిగా నశించింది. ఆమె మాత్రం మిగిలింది. వచ్చే ఏడు నుంచి వేలంలో పాల్గొనడానికి దొంగతనం అభియోగం ఉన్నవాళ్లు అనర్హులని కార్యదర్శి అప్పుడే రాసుకున్నాడు. మిగిలిన రెండు పెళ్లిళ్లవాళ్లు వచ్చి, పొట్టు కొట్టడానికి మాత్రం నువ్వే రావాలి, కాయలు ఇంకెవరి దగ్గరైనా కొంటాం అని చెప్పి వెళ్లారు.

మధ్యాహ్నం పంక్తులు లేచాయి. ఆవపెట్టిన పనసపొట్టు కూర మొదటి పంక్తికే సగం గంగాళం ఖాళీ అయింది. అసిరమ్మ వంటపాక వెనక కత్తి కడుగుతూ ఉంది. తిరుమలరావు వారం రోజుల విశ్రాంతి తీసుకున్న బొటనవేలితో కూర కలుపుకుని, రెండు ముద్దలు తిని, తలెత్తాడు.

“పొట్టు ఎవురు కొట్టినారు?”

“అసిరమ్మండి” అన్నాడు వడ్డించేవాడు. “అదే, ఆ దొంగతనం…”

“దొంగదైతేనేటి? సెయ్యి మంచిది. ఇంకో గరిటె ఎయ్యి.”

వాడు వేశాడు. గంగాళం పట్టుకుని పంక్తి వెంట ముందుకు నడిచాడు. ఒక్కరూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేదు. మన విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు మనమూ పెట్టలేదు.